గార మండలం పేటకు పంపిన పార్శిల్ తిరిగొస్తోందా? ఇలా చేయండి

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని మత్స్యకార పేట బందరువానిపేటకు పంపిన మందుల పార్శిల్ తిరిగొచ్చేస్తోందని ఒకరు అడిగారు. పంపేటప్పుడు పిన్ 532001 రాయడమే చిక్కు కావొచ్చండీ. అది శ్రీకాకుళం టౌన్ పిన్. మత్స్యకార పేటల్లో చాలావాటికి సొంత పోస్టాఫీసు ఉండదు, అందుకే ఊరి పేరుతో వెతికినా పిన్ దొరకకపోవచ్చు.

1. "మనకి ఉత్తరాలు ఏ బ్రాంచి పోస్టాఫీసు నుంచి వస్తాయి?" అని ఇంట్లోవాళ్లతో పోస్ట్‌మ్యాన్‌ని అడిగించండి.

2. ఇండియా పోస్ట్ సైట్‌లో ఊరు కాదు, ఆ బ్రాంచి పేరు వెతకండి. అదే పేరు వేరే జిల్లాలోనూ ఉండొచ్చు. పిన్ 532తో మొదలవ్వాలి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఒకే పిన్ కింద చాలా ఊళ్లు ఉంటాయి. కాబట్టి ఇంటిపేరు, వీధి, పేట, తర్వాత బ్రాంచి పేరు పక్కన "బి.ఓ." (బ్రాంచ్ ఆఫీస్), దాని పై ఆఫీసు పేరు పక్కన "ఎస్.ఓ." (సబ్ ఆఫీస్), గార మండలం, చివర పిన్ రాయండి.

మందుల పార్శిల్ అన్నారు కదా, ఫోన్ నంబరు కూడా తప్పక రాయండి.