సుదీర్ఘ సైకిల్ సవారీకి ముందు సాధన ఎంత తగ్గించాలి?

ప్రశ్న: మరో రెండు వారాల్లో 200 కిలోమీటర్ల బ్రెవేలో (నిర్ణీత గడువులోగా పూర్తి చేయవలసిన సుదీర్ఘ సైకిల్ సవారీలో) తొలిసారి పాల్గొనబోతున్నాను. కొన్ని నెలలుగా వారానికి ఐదు రోజులు, మొత్తం 180 కిలోమీటర్ల దాకా తొక్కుతున్నాను. చివరి వారం సైకిల్ ముట్టుకోవద్దని ఒక మిత్రుడు, ముందు ఆదివారం 150 కిలోమీటర్లు తొక్కి చూసుకోమని మరొకరు చెబుతున్నారు. తగ్గిస్తే ఇన్నాళ్ల కష్టం వృథా అవుతుందేమోనని భయంగా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటా వినకండి. నెలల తరబడి కూడగట్టుకున్న దమ్ము సాధన తగ్గించినంత మాత్రాన రెండు వారాల్లో పోదు. పోయేది ఒంట్లో పేరుకున్న అలసట. అయితే పూర్తిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం తగ్గడం మొదలై, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. ఇక వారం ముందు 150 కిలోమీటర్లు తొక్కితే, దాని వల్ల కొత్త బలం చేకూరేందుకు వ్యవధి చాలదు కానీ, ఆ బడలిక మాత్రం బయలుదేరే రోజు దాకా మిగిలిపోవచ్చు.

తగ్గించవలసింది దూరాన్నే, జోరునూ, తొక్కే రోజులనూ కాదు. రెండు వారాల వ్యవధిలో దూరాన్ని 40 నుంచి 60 శాతం వరకు తగ్గించుకోవడం మేలని క్రీడాశాస్త్ర పరిశోధనలు సూచిస్తున్నాయి. మీ లెక్కన మొదటి వారం 110, బ్రెవేకు ముందున్న రోజుల్లో 70 కిలోమీటర్లు చాలు. ఆ వారం మధ్యలో ఒకరోజు, గంట సవారీలో మూడేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, పక్కవారితో మాట్లాడలేనంత జోరుగా తొక్కి, మధ్యమధ్య అంతే సేపు నెమ్మదించండి. ముందురోజు గేర్లు, బ్రేకులు సరిచూసుకుంటూ అరగంట తేలికగా తిరిగి వస్తే సరిపోతుంది.

ఈ రోజుల్లో కాళ్లు బరువెక్కినట్లు అనిపించవచ్చు, తూకంలో ఒక కిలో పెరగవచ్చు కూడా. కండరాల్లో నిల్వ అయ్యే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థం) తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కనుక, ఆ బరువు దారిలో ఖర్చయ్యే ఇంధనం, దానితో చేరిన నీరే. దాన్ని చూసి కంగారుపడి తిండి తగ్గించకండి.

బ్రెవే పోటీ కాదన్నది కూడా గుర్తుంచుకోండి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది; ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల సగటు చాలు. నిజానికి ఈ రెండు వారాల్లో నష్టం ఎక్కువగా జరిగేది ఖాళీ సమయం వల్లే: తోచక కొందరు కొత్త సీటు బిగిస్తారు, సీటు ఎత్తు మారుస్తారు, కొత్త బూట్లు కొంటారు. ఆ ప్రయోగాలన్నీ బ్రెవే ముగిశాక చేసుకోవచ్చు.