పాఠకుల ప్రశ్న: ఖలీలీ కవిత్వాన్ని భద్రపరచడం ఎలా?

ప్రశ్న: అఫ్గాన్ కవి, దౌత్యవేత్త ఖలీలుల్లా ఖలీలీ అవశేషాలను పెషావర్ నుంచి కాబూల్‌కు తరలించారని చదివాను. పరదేశంలో కన్నుమూసిన కవి వారసత్వాన్ని కాపాడటమంటే ఇదేనా? ఇంకేం చేయవలసి ఉంటుంది?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ తరలింపు 2012లో జరిగింది. 1987లో ఇస్లామాబాద్‌లో మరణించిన ఖలీలీని పెషావర్‌లో పష్తో కవి రహమాన్ బాబా సమాధికి దగ్గరలో ఖననం చేశారు. పాతికేళ్ల తర్వాత ఆయన అవశేషాలు కాబూల్ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరాయి. ఆయనకు సొంత నేల దక్కడం ఎంతో న్యాయమైన విషయం. కాకపోతే కవిత్వాన్ని భద్రపరచడం వేరే పని, అంతకంటే ఎక్కువ ఓపిక కోరే పని.

1907లో కాబూల్‌లో పుట్టిన ఖలీలీ సౌదీ అరేబియా, ఇరాక్‌లలో రాయబారిగా పనిచేసి, అఫ్గానిస్తాన్‌లో 1978లో జరిగిన కమ్యూనిస్టు తిరుగుబాటు తర్వాత జర్మనీలో, అమెరికాలో, చివరికి పాకిస్తాన్‌లో తలదాచుకున్నారు. హెరాత్ గురించి రాసిన తొలినాటి గ్రంథం మొదలుకొని ప్రవాసంలో యుద్ధంపై రాసిన పద్యాల వరకు ఆయన రచనలు వేర్వేరు దేశాల్లో అచ్చయ్యాయి. వాటిని ఒకచోట చేర్చి, పాఠాంతరాలను పోల్చి, ఏ పద్యం ఎప్పటిదో తేల్చడం మొదటి పని.

రెండోది మనకు వెంటనే తట్టదు. తెలుగు లిపిలో ప్రతి అచ్చూ కంటికి కనిపిస్తుంది. ఖలీలీ రాసిన దరీ, అంటే అఫ్గానిస్తాన్‌లో పలికే పారశీకం, హ్రస్వాచ్చులను సాధారణంగా రాయదు; రెండు మాటలను కలిపే ‘ఎ’కారాన్ని కూడా చాలాచోట్ల చదువరే పోల్చుకోవాలి. సింహానికీ పాలకూ ఒకటే రాత. కాబూల్‌లో సింహాన్ని ‘షేర్’ అని, పాలను ‘షీర్’ అని వేర్వేరుగా పలుకుతారు; టెహరాన్‌లో రెండూ ‘షీర్’ అయిపోయాయి. కాబట్టి పుస్తకం చేతిలో ఉన్నా, కవి చెవికి వినిపించిన పద్యం మనకు వినిపిస్తుందన్న హామీ లేదు. అందుకే ఆయన గొంతు ఉన్న ప్రతి రికార్డింగూ నా దృష్టిలో రాతప్రతి అంత విలువైనది.

ఆ ఎరుక ఆయన కుటుంబానికి ఉండటం మన అదృష్టం. కుమార్తె ప్రశ్నలు అడుగుతుంటే ఆయన చెప్పుకొచ్చిన జ్ఞాపకాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఏ కవి విషయంలోనైనా ఆయన గొంతు రికార్డు చేసిన క్యాసెట్లు ఇంట్లో ఉంటే ఆలస్యం చేయరాదు: టేపుపై ఉన్న అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, పైగా గంట టేపును నకలు తీయాలంటే మామూలుగా గంటసేపూ నడిపించవలసిందే. నకలు తీశాక, ఆ యాస తెలిసినవారు విని, అచ్చుప్రతిలో హ్రస్వాచ్చుల గుర్తులు పెట్టగలిగితే అప్పుడు పద్యం ఉచ్చారణతో సహా నిలుస్తుంది.

ఇక తెలుగు సంగతి. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస కలిసి, మూడోది సాధారణంగా విడిగా నిలిచే రుబాయీ మనకు కొత్త కాదు; దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చారు. ఖలీలీ కూడా రుబాయీలు రాశారు. వాటిని ఎవరైనా తెలుగు చేయదలిస్తే, ఇంగ్లీషు అనువాదాలను పక్కన పెట్టి, దరీ మాట్లాడే మనిషి చేత ఒక్కో పద్యం రెండుమూడుసార్లు పైకి చదివించుకుని, ఆ తర్వాతే కలం పట్టాలని నా మనవి.