వాణ్ణి ఒక్కసారైనా అడిగారా?

మీ ఉత్తరంలో ఉన్నదిది. తొమ్మిదేళ్ల బాబు క్రికెట్‌కి పోడు, మేడ మీద నానమ్మ పూలకుండీల దగ్గర కూర్చుంటాడు. ‘ఫెర్డినాండ్ ది బుల్’ కార్టూన్ పదేపదే చూస్తాడు. “ఆడపిల్లలా తయారవుతున్నాడు” అని మీవారి కోపం. కార్టూన్ మాన్పించాలా అని మీరడిగారు.

అక్కర్లేదమ్మా, చూడనివ్వండి. 1938లో డిస్నీ వాళ్లు తీసిన సుమారు 8 నిమిషాల బొమ్మ, ఆస్కార్ కూడా వచ్చింది. దాంతో పిల్లలు చెడిపోరు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మీరు మధ్యలో రాసిన సంగతి. ఆయన బంతి నారు పీకి పారేశారు. వాడు కేకపెట్టి బ్యాట్ గోడకేసి కొట్టాడు. ఆయన నవ్వి “అదీ, నా కొడుకంటే!” అన్నారు. మీరు వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ కార్టూన్ మీరూ వాడి పక్కన కూర్చుని చూడండి. స్పెయిన్‌లో ఒక కోడెదూడ. తోటి దూడలు కుమ్ముకుంటుంటే ఇది చెట్టు కింద పూల వాసన చూస్తుంటుంది. పెద్దయ్యాక ఒకనాడు తేనెటీగ కుడితే ఆ మంటకి గంతులేస్తుంది. బరిలో దింపడానికి పొగరుబోతు ఎద్దుని వెతుకుతూ వచ్చినవాళ్లు దాన్నే పౌరుషమనుకుని మాడ్రిడ్‌కి పట్టుకుపోతారు. మీ ఇంట్లో జరిగిందీ అదే. వాడు నొప్పికి అరిచాడమ్మా.

అయినా నేను చెప్పేది మీవారి సంగతి కాదు. ఆ దూడకి తల్లి ఉంది. ఒక్కడే ఉంటున్నాడని బెంగపడి, దగ్గరికెళ్లి అడుగుతుంది, మిగతావాళ్లతో ఎందుకు ఆడవని. ఇక్కడే బాగుందంటే నమ్మి వదిలేస్తుంది. మీరు రెండు పేజీలు రాశారు. అత్తగారు ఏమన్నారో, బావగారి పిల్లలు ఎన్ని కప్పులు తెచ్చారో అన్నీ ఉన్నాయి. వాణ్ణి అడిగినట్టు ఒక్క ముక్క లేదు. అడగండి. ఆటలో ఎవరైనా ఏడిపిస్తున్నారంటే వెళ్లి మాట్లాడాల్సింది మీరే. పూల దగ్గరే హాయిగా ఉందంటే నమ్మండి.

“పిల్లాడి ముందు భర్తకి ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు” అని రాశారు. పెద్దరికాన్ని నేనూ కాదనను. కానీ నారు పీకింది వాడి ముందే కదా. “అలా చేయకుండా ఉండాల్సిందండీ” అని నెమ్మదిగానైనా, వాడికి వినపడేలా అనండి. వాడు ఆ రోజు మీ వైపే చూసి ఉంటాడు.

ఈ ఆదివారం నర్సరీకి వాణ్ణి తీసుకెళ్లి మళ్లీ బంతి నారు తెండి. అదే కుండీలో ఇద్దరూ కలిసి నాటండి. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే.