మోడల్ కారుకు రూ.80 వేలా?

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో ఈసీఈ మూడో సంవత్సరం. సెల్ఫ్ డ్రైవింగ్ మోడల్ కారు చేస్తానంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కిట్టు, కోర్సు, సర్టిఫికెట్ కలిపి రూ.80 వేలు అడుగుతున్నారు. క్లాస్‌మేట్స్ కొందరు చేరిపోయారు. కోర్సు మంచిదా, సొంతంగా చేస్తే చాలా? - ఒక తండ్రి

జవాబు: కట్టకండి. అయినా మీ టెన్షన్ కిట్టు గురించి కాదు, మిగతావాళ్లు చేరితే మనవాడు వెనకబడతాడేమోనని. ప్లేస్‌మెంట్లు దగ్గరపడే వేళ చాలామంది తల్లిదండ్రులు అడిగేది ఇదే. తనంతట తాను ఒక వస్తువు తయారుచేస్తానంటున్న కుర్రాడు వెనకబడినట్టు ఎలా అవుతాడండీ?

కావాల్సినవి ఒక రాస్ప్‌బెరీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), చిన్న కెమెరా, రిమోట్ కారు, మోటార్ డ్రైవర్ (మోటార్లను నడిపించే చిన్న సర్క్యూట్), బ్యాటరీలు. డాంకీ కార్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నేలమీద టేపుతో ట్రాక్ వేసి, కారును రిమోట్‌తో మనమే నడుపుతూ పదీ ఇరవై రౌండ్లు తిప్పితే వేల ఫొటోలు, ఒక్కోదానికి అప్పటి స్టీరింగ్ కోణం రికార్డవుతాయి. వాటిని చూసే కారులోని ఏఐ ప్రోగ్రామ్ నడపడం నేర్చుకుంటుంది. నలుగురు కలిస్తే తలా రూ.5 వేలు దాటనక్కర్లేదు. బోర్డు కాలేజీ ల్యాబ్‌లో ఉంటే ఇంకా తక్కువ.

అసలు చదువు ఆ తర్వాతే. మోటార్లకూ బోర్డుకూ ఒకే బ్యాటరీ కలిపితే, కారు కదలగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీస్టార్ట్ అవుతుంది. పగలు చక్కగా తిరిగిన కారు రాత్రి ట్యూబులైటు వెలుగులో ట్రాక్ వదిలి సోఫా కిందికి పోతుంది. ఎందుకో వెతికి సరిచేసినవాడికి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. అన్నీ ముందే కుదిర్చిన కిట్టు కొంటే ఆ వెతుకులాటే ఉండదు.

ఇక ‘సెల్ఫ్ డ్రైవింగ్ ఇంజినీర్’ అనే మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ డబ్బు పెట్టిన సెల్ఫ్ డ్రైవింగ్ కంపెనీ ఆర్గో ఏఐ 2022లో మూతపడింది. 2024 డిసెంబరులో జనరల్ మోటార్స్ కూడా తన క్రూజ్ కంపెనీ రోబోట్యాక్సీలకు (డ్రైవర్ లేని ట్యాక్సీలు) డబ్బు ఆపేసింది. అమెరికాలో వేమో కంపెనీ డ్రైవర్ లేని కార్లు తిరుగుతున్నమాట నిజమే. కానీ మన దగ్గర డ్రైవర్ల ఉపాధి పోతుందని, అలాంటి కార్లను రానివ్వనని గడ్కరీ పలుమార్లు చెప్పారు. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల మీద పనిచేసే టిహాన్ కేంద్రం ఉంది, అయితే అది పరిశోధన దారి. మామూలు బీటెక్ కుర్రాడికి అందేవి ఎంబెడెడ్ (యంత్రాల్లోని చిప్‌లకు ప్రోగ్రామ్ రాయడం), అడాస్ (డ్రైవర్‌కు సాయపడే కారు వ్యవస్థలు) టెస్టింగ్ ఉద్యోగాలు. వాటికి సీ లాంగ్వేజ్, లైనక్స్, క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) వచ్చా అని అడుగుతారు. సర్టిఫికెట్ ఎంతకు కొన్నావని ఎవరూ అడగరు.

ఇంకోమాట, నొచ్చుకోకండి. మీ ప్రశ్నలో ఫీజు ఉంది, క్లాస్‌మేట్స్ ఉన్నారు. మీవాడు ఇప్పటిదాకా ఏం చేశాడో, ఏది వచ్చో ఒక్క ముక్క లేదు. ఈరోజు కూర్చోబెట్టి అడగండి. రేపు ఫైనలియర్‌లో ‘రెడీమేడ్ ప్రాజెక్టు కొనిస్తాలే’ అని మాత్రం మీరే అనకండి.

ముందు కంప్యూటర్‌లో డాంకీ కార్ సిమ్యులేటర్ (తెరమీదే కారు నడిపే ప్రోగ్రామ్) నడిపి చూడమనండి, అదీ ఉచితమే. నెలరోజులు వదలకుండా పట్టుకుంటే అప్పుడు కారు సామాన్లు కొనివ్వండి. లిథియం బ్యాటరీలను రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలి పడుకోవద్దని కూడా చెప్పండి.