ఈథర్ సీసా తాళం నీ చేతికొచ్చింది కనక

చి. అమ్మలుకి,

పెదనాన్న దీవెనలు. పర్లాకిమిడి కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునే పని నీకొచ్చిందని, స్టోర్ రూమ్ తాళాలు కూడా నీకే ఇచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. యాసిడ్ల గురించి నీకు చెప్పనక్కర్లేదు. వాటి పేరు చెబితేనే పిల్లలు దూరం జరుగుతారు. నేను రాస్తున్నది డైఇథైల్ ఈథర్ గురించి. తేటగా ఉంటుంది, తియ్యటి వాసనేస్తుంది, చేతి మీద పడితే చల్లగా తగిలి క్షణంలో ఆరిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు.

ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. ప్రాక్టికల్ పుస్తకాల్లో 'గది ఉష్ణోగ్రత' అన్నప్పుడల్లా 20, 25 డిగ్రీలు మనసులో పెట్టుకుని రాసినవే. మన గజపతి, గంజాం, రాయగడ వైపు మే నెల మధ్యాహ్నం రేకు కప్పు గదిలో 36, 38 మామూలు. అంటే సీసాలో ఉన్నది మరిగే వేడి దాటిపోయిన ద్రవం, మూత బిగించి ఉంది కాబట్టి ఆగిందంతే. మూత తిప్పగానే బుస్సుమంటుంది, ఒక్కోసారి పొంగి చేతి మీదకొస్తుంది. నా మాట వింటే మార్చి సగం నుంచి జూన్ వానలు పడేదాకా ఈథర్ ప్రాక్టికల్ పెట్టనే పెట్టకు. నవంబరు, ఫిబ్రవరి మధ్యలో అవగొట్టు. తప్పదంటే పొద్దున్న ఏడున్నరకే మొదలుపెట్టించు. సీసాకి ప్లాస్టిక్ కవరు తొడిగి (లేకపోతే లేబుల్ ఊడిపోతుంది) ముందు మామూలు నీళ్లలో, తర్వాత ఐసు నీళ్లలో కాసేపు నిలబెట్టు. చల్లబడ్డాకే తెరువు.

మంట విషయానికొస్తే, మైనస్ 45 డిగ్రీల దగ్గర కూడా అది నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. గాలిలో సుమారు 1.9 శాతం నుంచి 36 శాతం దాకా ఎంత కలిసినా మండుతుంది. ఒకసారి లెక్క వేసి చూడు: 100 మి.లీ. ఒలికితే దాదాపు 24 లీటర్ల ఆవిరవుతుంది. అది పన్నెండు వందల లీటర్ల గాలిని, అంటే ఒక పెద్ద బీరువా పట్టేటంత గాలిని, మండే మిశ్రమంగా మార్చడానికి చాలు. ఆ ఆవిరి గాలికంటే రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, బల్ల మీద నుంచి నీళ్లలా జారి నేల వెంట పాకుతుంది. నాలుగు బల్లల అవతల బర్నర్ వెలుగుతూ ఉంటే అక్కడ అంటుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చి సీసాని చేరుతుంది. కాబట్టి 'నా బల్ల మీద మంట లేదు కదా' అన్న మాట ల్యాబ్‌లో చెల్లదు. ఈథర్ తెరిచిన గదిలో ఒక్క బర్నర్ కూడా వెలగకూడదు. గ్యాస్ మెయిన్ వాల్వు నువ్వే కట్టెయ్యి.

మంటే కాదు, వేడి ఉపరితలం చాలు. 160 డిగ్రీలు దాటిన హాట్ ప్లేట్ మీద ఆవిరి పడితే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. స్విచ్ ఆపేసిన ప్లేట్ కూడా చాలాసేపు ఆ వేడి మీదే ఉంటుంది, చూస్తే తెలీదు.

మన దగ్గర కరెంటు సంగతి ఇంకొకటి ఉంది. సీసా తెరిచి ఉండగా కరెంటు పోతే ఎగ్జాస్ట్ ఆగిపోతుంది, ఆవిరి పోగవుతుంది. కరెంటు రాగానే ఫ్యాను, ఫ్రిజ్, పంపు అన్నీ ఒక్కసారి నిప్పురవ్వతో లేస్తాయి. అందుకని ఎగ్జాస్ట్ ముందే నడుస్తూ ఉండాలి, తర్వాతే మూత తియ్యాలి. కరెంటు పోయిన వెంటనే ఎవరి చేతిలో సీసా ఉంటే వాళ్లు మూత పెట్టెయ్యాలి. వాసన గుప్పుమన్న గదిలో ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు, వెయ్యనూ కూడదు, ఆపనూ కూడదు. కిటికీలు తెరిచి పిల్లల్ని బయటికి పంపు.

చల్లగా ఉంటుంది కదా అని స్టాఫ్ రూమ్‌లో పాత ఫ్రిజ్ చూపిస్తారు. ఒప్పుకోకు. ఇంటి ఫ్రిజ్ లోపల లైటు, థర్మోస్టాట్ రెండూ నిప్పురవ్వ ఇస్తాయి. మూత కాస్త వదులైతే ఆ డబ్బా మొత్తం మండే గాలితో నిండుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 కూడా దీనికి సరిపోదని పైన రాసిన అంకె చూస్తేనే తెలుస్తుంది. కింది అంతస్తులో ఎండ పడని ఉత్తరం గోడ దగ్గర ఇనప బీరువా, అందులో కింది అర, అదీ దాని చోటు. నైట్రిక్ ఆమ్లం, బ్రోమిన్, పర్మాంగనేట్, డైక్రోమేట్ ఆ బీరువాలో ఉండకూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మంట కళ్లకు కనిపిస్తుంది, వాసన ముక్కుకి తెలుస్తుంది. పెరాక్సైడ్ రెండిటికీ దొరకదు. గాలి, వెలుతురు తగిలితే ఈథర్ నెమ్మదిగా పెరాక్సైడ్లుగా మారుతుంది. వాటికి వేడి తగిలినా, రాపిడి తగిలినా పేలతాయి. ఈథర్ ఆవిరైపోతుంది, అవి పోవు, అడుగున చిక్కబడతాయి. సగం వాడి వదిలేసిన సీసా, పొడి అయ్యేదాకా మరిగించిన ఫ్లాస్కు, ఈ రెండే ప్రమాదాల పుట్టిల్లు. చలిలో పెట్టినంత మాత్రాన పెరాక్సైడ్ ఆగదు. కంపెనీ వాళ్లు దాన్ని అడ్డుకోవడానికి కొన్ని పీపీఎమ్‌ల (పది లక్షల్లో కొన్ని వంతుల) బీహెచ్‌టీ అనే పదార్థం కలుపుతారు. స్వేదనం చేస్తే ఆ బీహెచ్‌టీ అడుగున ఉండిపోతుంది, కాబట్టి 'శుద్ధి చేసిన' ఈథర్ మామూలు దానికంటే బేగి పాడవుతుంది. చేసిన రోజే వాడెయ్యాలి.

ప్రతి సీసా మీద మూడు తేదీలు చెరగని పెన్నుతో రాయి: వచ్చినది, తెరిచినది, చివరిసారి పరీక్షించినది. తెరవనిది ఏడాది ఉంచవచ్చు. తెరిచినది మూడు నెలల్లో అవగొట్టు, తెరిచాక ఆరు నెలలకి మించి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పక్కనే ఒడియాలోనూ తెలుగులోనూ 'నిప్పు దగ్గరికి తేవద్దు' అని రాసిన చీటీ అంటించు. స్టోర్లో చెయ్యి పెట్టేవాళ్లందరూ ఇంగ్లీషు లేబుల్ చదవరు.

పరీక్ష ఇలా చెయ్యి. పరీక్ష నాళికలో 1 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, చిటికెడు, అంటే 0.1 గ్రాము, పొటాషియం అయొడైడ్ వేసి, 1 మి.లీ. ఈథర్ కలిపి నెమ్మదిగా కదుపు. పక్కన ఈథర్ లేకుండా అదే మిశ్రమం ఇంకో నాళికలో పెట్టు, ఎందుకంటే పాత అయొడైడ్ తనంతట తనే పసుపు రంగుకి తిరుగుతుంది, దాన్ని చూసి మోసపోతావు. తెల్ల కాగితం ముందు రెండూ పట్టి చూడు. తేడా లేకపోతే మంచిది. లేత పసుపు వస్తే ఆ సీసాని స్వేదనానికి గానీ మరిగించి ఆవిరి చెయ్యడానికి గానీ వాడకు. గోధుమ రంగు తేలితే మూత పెట్టి, బీరువాకి తాళం వేసి, హెడ్‌కి రాతపూర్వకంగా చెప్పు.

లేత పసుపు దాకా అయితే కడగవచ్చు. 110 మి.లీ. నీళ్లలో 6 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి (ఆమ్లమే నీళ్లలోకి), 60 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కరిగించు. ద్రావణం పూర్తిగా చల్లారాక లీటరు ఈథర్‌కి 20 మి.లీ. చొప్పున వేరు చేసే గరాటులో కదిపి, తర్వాత నీళ్లతో కడిగి, మళ్లీ పరీక్షించు. నన్నడిగితే ఇంత శ్రమ పడకుండా అర లీటరు సీసాలే కొనడం మేలు. చవకని రెండున్నర లీటర్ల సీసా తెప్పించే పద్ధతి ఆపించు.

మూత చుట్టూ తెల్లటి పొక్కులో, లోపల స్ఫటికాలో, జిగురులాంటి పొరో కనిపించిన పాత సీసా ఉంటే దాన్ని పరీక్షించవద్దు, కదపవద్దు, మూత తిప్పవద్దు. మరలో ఇరుక్కున్న స్ఫటికానికి ఆ తిప్పుడే చాలు. గది మూసి, కాలేజీ ద్వారా అగ్నిమాపక శాఖకి చెప్పించు. కొత్తగా తాళాలు తీసుకున్నదానివి, మొదటి వారమే అరలు చూడు, చేత్తో కాదు, టార్చి లైటుతో.

వేరు చేసే గరాటు దగ్గర పిల్లలు తరచూ చేసే తప్పు, బీకరులో వేడి ద్రావణం ఉండగానే ఈథర్ పొయ్యడం. అది చల్లారి, ఐసు నీళ్లలో నిలిచాకే పొయ్యాలి. గరాటు మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు. మూతని అరచేత్తో అదిమి, తలకిందులు చేసి, కాడ మనుషుల వైపు కాకుండా హుడ్ (ఆవిరిని బయటికి లాగే గూడు) లోపలికి తిప్పి, కదపకముందే ఒకసారి ట్యాప్ తెరిచి గాలి వదలాలి. తర్వాత రెండు ఊపులకొకసారి వదలాలి. బైకార్బొనేట్ వాడితే కార్బన్ డైఆక్సైడ్ కూడా తోడవుతుంది, అప్పుడు ఒక్కో ఊపుకీ వదలాల్సిందే. కింది నీళ్ల పొర తీసి సింకులో పొయ్యకు. నీటిలో వందకి ఆరేడు వంతుల ఈథర్ కరిగే ఉంటుంది, అది కాలవ గొట్టంలో పోగవుతుంది.

ఈథర్‌ని మరిగించి ఆవిరి చేసేటప్పుడు నీళ్లు వేరే గదిలో కెటిల్‌లో కాచి తెప్పించు, 45 డిగ్రీల నీటి తొట్టి చాలు. ఇక్కడ పుస్తకంలో లేని చిక్కొకటుంది. మే నెలలో డాబా ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఈథర్ మరిగేంత వెచ్చగా ఉంటాయి. ఆ నీటితో కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచి మళ్లీ ద్రవం చేసే గొట్టం) నడిపితే ఈథర్ చల్లబడదు, నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. చేపల మార్కెట్ నుంచి ఐసు తెప్పించి, బకెట్లో వేసి, కూలర్ పంపుతో ఆ నీటినే తిప్పు. బకెట్, పంపు ప్లగ్గు రెండూ హుడ్‌కి దూరంగా ఉండాలి, పంపు ముందే ఆన్ అయి ఉండాలి. మరుగు రాళ్లు చల్లగా ఉన్నప్పుడే వెయ్యాలి, వేడెక్కాక వేస్తే ఒక్కసారి పొంగుతుంది. అడుగున పదో వంతుకు తగ్గకుండా మిగిల్చి ఆపెయ్యి.

నిజానికి సగం ప్రాక్టికల్స్‌కి ఈథర్ అక్కర్లేదు. బెంజోయిక్ ఆమ్లం విడదీయడానికి ఇథైల్ ఎసిటేట్, బైకార్బొనేట్ సరిపోతాయి. అది 77 డిగ్రీలకి మరుగుతుంది, పెరాక్సైడ్ గొడవ అంతగా ఉండదు. మండే గుణం మాత్రం ఉంది, మరిచిపోకు. గింజల్లోంచి నూనె తీసే సాక్స్‌లెట్ పరికరానికి 60–80 డిగ్రీల మధ్య మరిగే పెట్రోలియం ఈథర్ వాడు. అది హైడ్రోకార్బన్ల మిశ్రమం, ఇది వేరు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టకు.

నూలు బట్టలు వేసుకో, చున్నీకి పిన్ను పెట్టు. నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కూడా ఈథర్ నిమిషాల్లో దిగుతుంది, తడిస్తే వెంటనే మార్చు. తల తిరిగినా మత్తుగా ఉన్నా ఆ పిల్లని బయటి గాలిలో కూర్చోబెట్టు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు. చిన్న బీకరు అంటుకుంటే వాచ్ గ్లాసుతో మూసెయ్యి. పెద్దదైతే డ్రై పౌడర్ సిలిండర్. నీళ్లు చల్లితే ఈథర్ తేలుతూ మంటని వెంటేసుకుపోతుంది. సిలిండర్ ఖాళీ అయ్యేలోపు ఆగకపోతే అందరూ బయటికి రండి, 112కి ఫోను.

సరుకు విశాఖ నుంచో బరంపురం నుంచో వస్తే సప్లయర్ బండిలోనే రావాలి. ప్యూన్‌కి సంచిలో పెట్టిచ్చి గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కించే పని ఎవరు చెప్పినా చెయ్యనివ్వకు. వాడిన ఈథర్‌ని వేరే గోధుమ రంగు సీసాలో, పదో వంతు ఖాళీ ఉంచి, తేదీ రాసి పెట్టు. ఆ సీసాకి కూడా నెలకోసారి అయొడైడ్ పరీక్ష తప్పదు. ఎసిటోన్, క్లోరోఫామ్ అందులో పొయ్యనివ్వకు, వాటికి వేరే సీసాలు పెట్టు.

టార్చి పట్టుకుని అరలు చూశాక ఏమేం ఉన్నాయో, ఏ తేదీలున్నాయో రాసి పంపు.

ఇట్లు,
పెదనాన్న