మంచు మారితే మలుపు మారుతుంది: స్కీ ఆకృతి గురించి పాఠకుల ప్రశ్నలు

శీతాకాలంలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో వెళ్ళి స్కీయింగ్ (కాళ్ళకు స్కీలు అనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట) నేర్చుకోవాలనే కోరిక నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులలో కూడా పెరుగుతున్నదని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో కొన్ని ఒకే విషయం చుట్టూ తిరిగినందువల్ల వాటికి ఇక్కడ ఒకచోటనే సమాధానాలిస్తున్నాం.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి): ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో ప్రాథమిక శిక్షణకు వెళ్తున్నాను. స్కీల మీద "120-76-102, ఆర్ 16 మీ." వంటి అంకెలు ఉండటం ఫొటోల్లో చూశాను. ఆ స్కీ 16 మీటర్ల వ్యాసార్థంలో మాత్రమే తిరుగుతుందా?

జవాబు: మొదటి మూడు అంకెలు మిల్లీమీటర్లలో స్కీ వెడల్పులు. ముందు భాగం 120, పాదం కింద నడుము 76, తోక 102 అని అర్థం. కొసలు వెడల్పుగా, నడుము సన్నగా ఉండటం వల్ల పక్క అంచు తిన్నగా ఉండక లోపలికి ఒంపు తిరిగిన చాపంగా ఏర్పడుతుంది. దీనినే సైడ్‌కట్ అంటారు. లెక్క మీరే సరిచూసుకోవచ్చు. రెండు కొసల సగటు 111 నుంచి నడుము 76 తీసివేస్తే 35 మిగులుతుంది, అంటే ఒంపు లోతు ఒక్కో పక్కకు 17.5 మిల్లీమీటర్లు. మంచుకు ఆనే పొడవు 1.5 మీటర్లనుకుని, దాని వర్గాన్ని ఒంపు లోతుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపు 16 మీటర్లు వస్తుంది. రెండు సెంటీమీటర్లయినా లేని ఈ ఒంపే స్కీ స్వభావాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

అయితే ఆ 16 మీటర్లు స్కీని బల్లపరుపుగా పరచినప్పటి చాపానికి చెందిన కొలత. గట్టి మంచు మీద స్కీని పక్కకు వాల్చి అంచు మీద నిలిపినప్పుడు మొదట రెండు కొసలే మంచును తాకుతాయి, నడుము కింద ఖాళీ ఉంటుంది. మీ బరువూ, మలుపులో పుట్టే ఒత్తిడీ కలిసి నడుమును కిందికి నొక్కడంతో స్కీ వంగి, అంచు పొడవునా మంచుకు ఆనుతుంది. ఎక్కువగా వాల్చినకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది, స్కీ మరింత వంగుతుంది, మలుపు చిన్నదవుతుంది. స్థూలంగా సైడ్‌కట్ వ్యాసార్థాన్ని వాలు కోణపు కొసైన్‌తో గుణించాలి. ఆ లెక్కన ఇదే స్కీ 45 డిగ్రీల దగ్గర సుమారు 11.3 మీటర్ల, 60 డిగ్రీల దగ్గర 8 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతుంది. కాబట్టి అంచు జారకుండా తీసే మలుపులకు 16 గరిష్ఠ హద్దు మాత్రమే. అంతకంటే పెద్ద మలుపు కావాలంటే స్కీని కొంత జార్చక తప్పదు. మొదటి వారంలో మీరు తీసే మలుపులన్నీ ఎలాగూ జారుడు మలుపులే కనుక, ఈ అంకె గురించి అప్పుడే బెంగపడనక్కరలేదు.

పందేలలో మాత్రం ఈ అంకెకు చాలా విలువ ఉంది. కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్లాలమ్‌లోనూ, జెయింట్ స్లాలమ్‌లోనూ పాల్గొని, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచారు. ఇవి రెండూ గేట్లు అనే కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందేలే, జెయింట్ స్లాలమ్‌లో గేట్లు దూరదూరంగా ఉంటాయి. ఈ రెండు పోటీలకు వాడే స్కీలు ఒకటి కావు. పురుషుల స్లాలమ్ స్కీ 165 సెంటీమీటర్లకు తగ్గకూడదు, దగ్గర దగ్గరగా ఉండే గేట్ల మధ్య తిరగడానికి దాని ఒంపు లోతుగా ఉంటుంది. జెయింట్ స్లాలమ్ స్కీ వ్యాసార్థం కనీసం 30 మీటర్లు, వేగమే ప్రధానమైన డౌన్‌హిల్ పందెపు స్కీది 50 మీటర్లు ఉండాలి. లోతైన ఒంపు గల స్కీ వేగంలో ఉన్నట్టుండి మంచును పట్టుకుంటే మోకాలికి ప్రమాదం. ఆ భయంతోనే 2012-13 సీజన్ నుంచి పురుషుల జెయింట్ స్లాలమ్ స్కీ వ్యాసార్థాన్ని 35 మీటర్లకు పెంచారు, క్రీడాకారుల అసంతృప్తి తరువాత 2017-18 నుంచి 30కి తగ్గించారు.

నడుము సన్నగా ఉన్న స్కీ కొత్త ఆలోచన కాదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రే నోర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే అటువంటి స్కీలు వాడాడు. అయినా 20వ శతాబ్దంలో చాలాకాలం స్కీలు పొడవుగా, దాదాపు తిన్ననైన అంచులతోనే వచ్చాయి. 1990లలో స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ ఎస్‌సీఎక్స్ అనే లోతైన ఒంపు గల స్కీని తెచ్చిన తరువాతనే పరిస్థితి మారింది. ఈనాడు కొత్తవారు కొద్ది రోజులలోనే మలుపులు నేర్చుకోగలుగుతున్నారంటే, శిక్షకుల ఘనతతో పాటు ఆ ఒంపుకూ అందులో వాటా ఉంది.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మాయి గుల్‌మార్గ్‌లో చదును చేసిన వాలు మీద చక్కగా మలుపులు తిరిగింది. అవే స్కీలతో పైనున్న కొత్త మంచులోకి వెళ్తే ముందు కొసలు మునిగిపోయి పదే పదే పడిపోయింది. లోపం స్కీలదా, పిల్లదా?

జవాబు: ఇద్దరిదీ కాదు, ఆ స్కీకీ ఆ మంచుకీ పొసగలేదు. మైపాడు తీరంలో అలలు తడిపిన ఇసుక మీద సైకిలు హాయిగా సాగుతుంది. కాస్త ఎగువకు వచ్చి పొడి ఇసుకలో దిగితే సన్నని చక్రం కూరుకుపోయి, హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిరగదు. మీ అమ్మాయికి ఎదురైనదీ ఇదే. కొత్తగా పడిన పొడి మంచు తరచుగా ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది, యంత్రాలతో అణచిన వాలు మీది మంచు దానికి అనేక రెట్లు బరువైనది, స్వచ్ఛమైన ఐసు 917 కిలోల దాకా తూగుతుంది. గుల్‌మార్గ్ గొండోలా (రోప్‌వే) రెండో దశ 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు, అఫర్వట్ పర్వతపు వాలుల మీదికి తీసుకుపోతుంది. అక్కడ చాలా భాగం యంత్రం తొక్కని మంచే.

గట్టి మంచులో పనిచేసేది సన్నని ఉక్కు అంచు. లోతైన మంచులో ఆ అంచుకు పట్టు దొరకదు, స్కీ అడుగుభాగమంతా మంచును కిందికి నొక్కుతూ దాని మీద తేలాలి. అక్కడ స్కీ ఎంత వంగాలో నిర్ణయించేది సైడ్‌కట్ కాదు, అడుగున పోగుపడే మంచు ఒత్తిడీ, స్కీ మెత్తదనమూ. అందువల్లనే తిన్నని అంచులున్న స్కీ కూడా లోతైన మంచులో వంగి మలుపు తిరగగలదు. మీ అమ్మాయి స్కీల వంటి వాటికి ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి. సన్నని నడుముకు తేలే వైశాల్యం చాలదు. వెడల్పైన ముందు భాగానికి నడుము కంటే ఎక్కువ మంచు ఎదురు కావడంతో అది ఉన్నట్టుండి ఒక పక్కకు లాగేస్తుంది. భయంతో శరీరాన్ని వెనక్కి వాల్చడం అందరికీ సహజమే, కాని అప్పుడు ముందు భాగం మీద అదుపు మరింత తగ్గుతుంది.

ఈ ఇబ్బందికి పరిష్కారంగానే నడుము 100 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు స్కీలు వచ్చాయి. వాటితో పాటు రాకర్ అనే ఏర్పాటు ప్రచారంలోకి వచ్చింది. మామూలు స్కీని బరువు లేకుండా నేల మీద పెడితే నడుము కాస్త పైకి లేచి ఉంటుంది, దీనిని కేంబర్ అంటారు. రాకర్ స్కీలో కొసలు చాలా ముందునుంచే పైకి లేచి ఉంటాయి కనుక ముందు భాగం మునగక తేలుతుంది, అంచు ఎక్కడో తగులుకుని లాగడం తగ్గుతుంది. ఈ ఆలోచనను చివరిదాకా తీసుకువెళ్ళినవాడు స్కీ క్రీడాకారుడు షేన్ మెక్‌కాంకీ. నీటి స్కీల స్ఫూర్తితో ఆయన ప్రోత్సహించగా, 2000 దశకం తొలి సంవత్సరాలలో వోలాంట్ సంస్థ స్పాచులా అనే స్కీని తెచ్చింది. దాని నడుమే వెడల్పు, కొసలు సన్నం, అడుగుభాగం పైకి వంగిన రాకర్. సైడ్‌కట్‌ను తలకిందులు చేసిన ఆ స్కీ లోతైన మంచులో అద్భుతంగా తిరిగింది, గట్టి వాలు మీద మాత్రం నిలవడమే కష్టమైంది.

ఈ చిక్కు అన్ని వెడల్పు స్కీలకూ కొంత ఉన్నదే. గట్టి మంచు మీద పైకి లేచిన కొసలు తాకవు కనుక పట్టు ఇచ్చే అంచు పొడవు తగ్గుతుంది. నడుము వెడల్పైతే అంచు పాదం మధ్య నుంచి దూరమై, స్కీని వాల్చి పట్టడానికి చీలమండ, మోకాలు ఎక్కువ శ్రమపడాలి. ఐసు మీద సన్నని నడుము, మెలితిరగని గట్టి నిర్మాణం, పదునుపెట్టిన అంచు, ఈ మూడూ ఉన్న స్కీకి సాటి లేదు. ఎండకు కరిగిన బరువైన తడి మంచు మరో రకం. అది అడుగుభాగాన్ని పీల్చి పట్టుకుంటుంది, లోతైన ఒంపును పక్కకు లాగుతుంది. అక్కడ కాస్త వెడల్పు, తక్కువ ఒంపు, మంచి మైనపు పూత మేలు చేస్తాయి. పైన పెంకు కట్టి లోపల మెత్తగా ఉన్న మంచులో ఏ ఆకృతీ సుఖం ఇవ్వదు, దాన్ని తప్పించుకోవడమే తెలివి.

మీ అమ్మాయికి మా సలహా: చదును చేసిన వాలు మీద 75 నుంచి 85 మిల్లీమీటర్ల నడుముతో సాధన కొనసాగించి, మలుపులు కుదిరిన తరువాత పై మంచుకు 95 నుంచి 105 మధ్య, కొసల దగ్గర రాకర్ ఉన్న జతను అద్దెకు తీసుకోవాలి. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్న ఆ వాలుల మీదికి స్థానిక గైడు లేకుండా పంపవద్దు. ఈ విషయంలో స్కీ ఆకృతి చేయగలిగిన సాయం ఏమీ లేదు.

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): స్నోబోర్డుకు ఒకటే పలక కదా, మలుపు తిప్పడం స్కీ కంటే తేలికా?

జవాబు: మలుపు తిప్పే సూత్రం ఒకటే, పలక కొలతలు వేరు. బోర్డు నడుము వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు, సైడ్‌కట్ వ్యాసార్థం సాధారణంగా 7 నుంచి 9 మీటర్లు. మంచుకు ఆనే అంచు పొట్టిది కనుక వ్యాసార్థం కూడా చిన్నదిగా ఉండాలి. పాదాలు పలకకు అడ్డంగా ఉంటాయి కాబట్టి ఒక అంచు మీద కాలివేళ్ళ వైపు, మరొకదాని మీద మడమల వైపు ఒరగాలి. మడమల వైపు చీలమండ అంత సులభంగా సహకరించదు. అందుకే కొన్ని బోర్డులలో ఆ పక్క ఒంపును కాస్త లోతుగా చేస్తారు. రెండు పాదాలూ విడివిడిగా నొక్కితే పలక మెలితిరిగి, ముందు భాగం ముందుగా మలుపులోకి దిగుతుంది. స్కీలో ఈ సౌకర్యం లేదు.

లోతైన మంచులో అంత వెడల్పు పలక సహజంగానే తేలుతుంది కనుక అక్కడ బోర్డుదే పైచేయి అని మా అభిప్రాయం. అటువంటి మంచుకు చేసిన బోర్డుకు ముందు భాగం వెడల్పు, తోక సన్నం, పాదాల స్థానం మధ్య కంటే కాస్త వెనక్కి. తోక కొద్దిగా మునిగి ముందు భాగం పైకి లేస్తుంది. ఐసు మీద మాత్రం ఆ వెడల్పే ఇబ్బంది పెడుతుంది. మీ పాదాలు పెద్దవైతే అద్దెకు తీసుకునేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి. బూటు కొస పలక దాటి మంచును రాసుకుంటే, ఎంత చక్కని సైడ్‌కట్ ఉన్నా మలుపు మధ్యలో అంచు పట్టు వదులుతుంది.

ప్రశ్న (కందుకూరు నుంచి ఒక పాఠకుడు): సొంత స్కీలు కొనుక్కుని రైల్లో తీసుకుపోవడం మంచిదా?

జవాబు: ఏడాదికి ఒకసారి వెళ్ళేవారు కొనవద్దు. ఏ వారం ఏ మంచు ఎదురవుతుందో ముందుగా తెలియదు, అద్దె దుకాణంలో రోజును బట్టి జత మార్చుకోవచ్చు. కొనదలిస్తే పాదానికి సరిపోయిన బూట్లు ముందు కొనండి, ఎందుకంటే బూటు వదులైతే మీరు వాల్చిన కోణం స్కీ దాకా చేరదు. ఇప్పటికే స్కీలు ఉన్నవారు మన కోస్తా తేమగాలికి ఉక్కు అంచులు తుప్పు పడతాయని గుర్తుంచుకుని, తుడిచి ఆరబెట్టి, అడుగుభాగానికీ అంచులకూ మందంగా మైనం పూసి భద్రపరచాలి, మళ్ళీ వాడే ముందు ఆ మైనాన్ని గీకి తీసి, అంచులకు పదును పెట్టించాలి.