7.62కు మార్చిన పాత స్పానిష్ మౌజర్‌కు ఇంట్లో తూటాలు రీలోడ్ చేయొచ్చా?

రీలోడింగ్ అంటే కాలిన ఇత్తడి కేసుల్లో మళ్లీ తుపాకి మందు, బుల్లెట్ పెట్టి తూటా చేసుకోవడం. అది చేయొచ్చండి. అయితే షాపులో అమ్మే .308 తూటాకు (7.62 నాటో సైనిక తూటాకు దగ్గరి పౌర రూపం) నకలు తయారు చేయకూడదు, దానికంటే బాగా మెత్తనిది, అంటే తక్కువ ఒత్తిడితో కాలేది, తయారు చేసుకోవాలి. మీరు గన్ షోలో కొన్నది 1916 మోడల్ మౌజర్, స్పెయిన్‌లోనే 7×57 తూటా నుంచి 7.62 తూటాకు మార్చినది. ఫ్యాక్టరీ .308 పెట్టి కాల్చవద్దని కొందరు, ఏం ఫర్వాలేదని కొందరు చెప్పారని రాశారు. నా దగ్గరా అదే రైఫిల్ ఉంది. ఇక్కడ టెక్సస్‌లో చాలా ఏళ్లుగా దానికి కావలసిన తూటాలు నేనే రీలోడ్ చేసుకుంటున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. మార్పిడిలో బ్యారెల్ రంధ్రం మారింది, తూటా కూర్చునే ఛాంబర్ మారింది. ఒత్తిడిని మోసే రిసీవర్ (బోల్ట్ ఇమిడే ఉక్కు చట్రం) మాత్రం పాతదే. అది 1893 నాటి మౌజర్ డిజైన్. తర్వాత వచ్చిన 1898 మౌజర్‌లో బోల్ట్‌కు వెనకవైపు మూడో లగ్ (రిసీవర్‌లో ఇరుక్కుని బోల్ట్‌ను పట్టి ఉంచే దిమ్మ) ఉంటుంది, కేస్ పగిలితే గ్యాస్ పక్కకు పోయే దారి కూడా మెరుగ్గా ఉంటుంది. మన రైఫిల్‌కు ఆ మూడో లగ్ లేదు.

అమెరికాలో తూటాల ప్రమాణాలు చూసే సామీ సంస్థ లెక్కలో 7×57కు గరిష్ఠ ఒత్తిడి 51,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .308కు 62,000. ఈ ఒక్క తేడాలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. "నాటో తూటా 50,000 పీఎస్‌ఐ మాత్రమే, కాబట్టి అది వాడితే చాలు" అనే మాట మీకు తప్పక వినిపిస్తుంది, నమ్మకండి. ఆ 50,000 రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కట్టిన పాత పద్ధతి అంకె. 62,000 ఎలక్ట్రానిక్ సెన్సర్‌తో కొలిచినది. అదే పాత పద్ధతిలో .308కు వచ్చే గరిష్ఠం 52,000. అంటే రెండు తూటాలకూ ఒత్తిడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వేర్వేరు కొలబద్దల అంకెలను పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు, ఆ వాదన చూసి ఎవరైనా ధైర్యం తెచ్చుకుంటారేమోనన్నదే నా భయం.

పాత ఉక్కు ఒక్కసారిగా పేలిపోవడం అరుదు. ఈ రిసీవర్లకు పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. ఎక్కువ ఒత్తిడితో కాలుస్తూ పోతే బోల్ట్ లగ్‌లు ఆనుకునే చోటు కొద్దికొద్దిగా వెనక్కి నొక్కుకుపోతుంది, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం) పెరుగుతుంది. కంటికి ఏమీ కనబడదు. అందుకే రీలోడింగ్‌కు కావలసిన ప్రెస్, డైలు (కేస్‌ను తిరిగి కొలతకు నొక్కే అచ్చులు) కొనకముందే గన్‌స్మిత్ దగ్గరకు వెళ్లండి. ఛాంబర్ అచ్చు తీయించండి, బ్యారెల్ లోపలి కొలత చూపించండి, హెడ్‌స్పేస్ గేజ్‌లు పెట్టించండి. .308కు బోల్ట్ మూసుకోవలసిన గో గేజ్ 1.630 అంగుళాలు, మూసుకోకూడని నో-గో 1.634, చివరి హద్దయిన ఫీల్డ్ 1.638. బోల్ట్ ఫీల్డ్ గేజ్ మీద మూసుకుంటే ఆ రైఫిల్‌తో ఇక కాల్చకండి. నో-గో మీద మూసుకుని ఫీల్డ్ మీద ఆగితే గన్‌స్మిత్ మాటే వినండి. నా దానికి మొదటి రోజు వచ్చిన కొలత రాసి పెట్టుకున్నాను, ప్రతి సీజన్‌కూ మళ్లీ కొలిపిస్తాను. కొలత పెరిగిందంటే లగ్‌లు వెనక్కి జరుగుతున్నట్టే.

ఇత్తడి కేసుల విషయంలో ఓపిక కావాలి. ఛాంబర్ కాస్త పొడుగ్గా ఉంటే, కాల్చినప్పుడు కేస్ ముందు భాగం గోడలను పట్టుకుంటుంది, వెనక భాగం బోల్ట్ వైపు సాగుతుంది. అడుగుకు కొంచెం పైన లోపల సన్నని గాడి పడుతుంది. కేస్‌ను ప్రతిసారీ డైలో పూర్తిగా కిందికి నొక్కితే, కొన్ని కాల్పులకే అక్కడ తెగి రెండు ముక్కలవుతుంది. డైను సరిచేసుకుని, మీ రైఫిల్‌లో కాలిన కేస్ భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు మాత్రమే వెనక్కి తోయండి. పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీకి చూడండి, గాడి తగిలితే ఆ కేస్‌ను పారేయండి. మిలిటరీ కేసులు సాధారణంగా మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ. అదే మోతాదు వేసినా ఒత్తిడి పెరుగుతుంది. నేను ఒకే కంపెనీ కమర్షియల్ కేసులు తప్ప వేరేవి కలపను.

మందు మోతాదు అంకె నేను ఇవ్వను, ఎవరిచ్చినా తీసుకోవద్దు. అచ్చయిన మాన్యువల్‌లో స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టే తక్కువ మోతాదు) దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోండి. అంతకంటే మెత్తగా కావాలంటే దారి ఉంది. హాడ్జ్‌డన్ కంపెనీ తన హెచ్4895 మందును, తన జాబితాలో ఆ మందుకు లోడ్ ఇచ్చిన తూటాల్లో, గరిష్ఠ మోతాదులో 60 శాతం మిగిలేంత వరకు (అంతకంటే కిందికి కాదు) తగ్గించుకోవచ్చని తనే చెబుతోంది. ఐఎంఆర్4895 వేరే మందు, ఈ అనుమతి దానికి వర్తించదు. మిగతా నెమ్మదిగా కాలే మందులను ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తే ఒత్తిడి అనూహ్యంగా పైకి ఎగబాకగలదు. తక్కువ మందు అన్నివేళలా క్షేమం కాదు. గ్యాస్ చెక్ (అడుగున చిన్న లోహపు టోపీ) ఉన్న సీసం బుల్లెట్లు ఈ రైఫిల్‌కు చక్కగా నప్పుతాయి, వాటికి విడిగా అచ్చయిన లెక్కలే చూడండి. వాటిలో పిస్టల్ మందులు కనిపిస్తాయి. పెద్ద కేస్‌లో అవి రెండుసార్లు పడినా పొర్లవు, కాబట్టి బయటికి తెలియదు. బుల్లెట్ పెట్టే ముందు కేసులన్నీ స్టాండ్‌లో నిలబెట్టి టార్చ్ వేసి మందు ఎత్తు చూడటం నాకు తప్పనిసరి. బల్ల మీద ఒకే డబ్బా ఉంటుంది, ఫోన్ పక్క గదిలో.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి ప్రయత్నించకండి. అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

కాల్చేటప్పుడు కళ్లద్దాలు తీయకండి, ఈ రైఫిల్‌కు అది మరీ ముఖ్యం. బోల్ట్ ఎత్తడం బరువెక్కినా, ప్రైమర్ (కేస్ అడుగున మందును అంటించే చిన్న టోపీ) చుట్టూ మసి కనబడినా, కేస్ మీద అడ్డంగా మెరిసే గీత కనబడినా ఆ పూటకు ఆపేసి, మిగిలిన తూటాలను ఇంటికి తెచ్చి విప్పండి. గేజ్ పెట్టించాక వచ్చిన కొలత, ఛాంబర్ అచ్చు వివరాలు ఇక్కడ రాయండి. అవి చూస్తే డై ఎలా సరిచేసుకోవాలో ఇంకాస్త ఖచ్చితంగా చెప్పగలను.